మిగులుబోల్టు బిగించిన అంబాసిడర్

ఆ రోజుల్లో మా వైపు మనిషి మొహం కంటే బండి చప్పుడుకే గుర్తింపు ఎక్కువ. బస్సు చప్పుడైతే జనం సంచులు సర్దుకుని రోడ్డెక్కేవారు. జీపు చప్పుడైతే తలుపులు మూసేవారు. పగలు జీపులో పోలీసులు, చీకటి పడ్డాక కాలినడకన నక్సలైటు అన్నలు, ఇద్దరూ అడిగేది ఒకటే, "మొన్న మీ ఇంటికి ఎవరచ్చిండ్రు?" అని. ఏం చెప్పినా తప్పే. అలాంటి కాలంలో నేను జగిత్యాల ఐటీఐలో మెకానిక్ పని చదివి, కోరుట్ల బస్టాండు వెనక రేకుల షెడ్డు వేసుకుని, నేను విప్పలేని బండి ఈ భూమ్మీద లేదని నమ్ముతుండేవాణ్ణి. (విప్పడం గురించి నాకిప్పటికీ అదే నమ్మకం. బిగించడం గురించే ఇంట్లో వేరే అభిప్రాయం ఉండేది. ఏది బిగించినా ఒకటో రెండో మిగిలేవి కనుక మా అక్క నాకు 'మిగులుబోల్టు' అని పేరు పెట్టింది. ఆ పేరు ఇంటి గడప దాటకుండా చాలా జాగ్రత్తపడ్డాను.)

అక్కను కథలాపూర్ అవతల ఒక పల్లెకు ఇచ్చాం. బావ వాళ్లది నేత ఇల్లు. ఆయన మగ్గం దిగి, పాత అంబాసిడర్ కొనుక్కుని వేములవాడకు యాత్రికులను తిప్పేవాడు. వాళ్ల ఊరికీ తారు రోడ్డుకూ మధ్య ఉన్నదంతా నల్లరేగడి బాట. వానాకాలంలో అందులోకి కారు దిగితే వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగి గుంత తవ్వుకునేవి. తొలి కాన్పుకు అక్కను ఎడ్లబండిలో తీసుకొస్తుంటే ఆ బురదలోనే బండి కూరుకుపోయింది. బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత అక్క నవ్వడం నేను చూడలేదు. మళ్లీ నెలలు నిండేది శ్రావణంలోనే. పుట్టింటికి తెచ్చుకుందామంటే మాకు అమ్మ లేదు. పైగా ఈసారి నొప్పులు రాకముందు కోడలు పొలిమేర దాటదని బావ తల్లి, మా అత్తమ్మ, దేవునికి మొక్కుకుంది. ఆ సంగతి తెలిసిన మర్నాడే బావ కారు తెచ్చి నా షెడ్డు ముందు ఆపాడు.

"బామ్మర్దీ, జీపుకు నాలుగు చక్రాలు గుంజుతయ్ గద. గా గుంజుడు దీనికి పెట్టు."

"గట్లయితే జీపే కొనుక్కో బావా."

"జీపా! జీపేసుకొని పోతే మా ఊర్ల ఒక్క తలుపన్న తెరుసుకుంటదా? మొకం కారుదే ఉండాలె, కాళ్లు జీపువి ఉండాలె."

ఇంత తేటగా పని చెప్పినవాళ్లు నాకు మళ్లీ దొరకలేదు. సిరిసిల్ల పాత ఇనుప సామాను కొట్టులో ముక్కలైన జీపు ఒకటి కనిపించింది. దాని ముందు ఇరుసు, బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే గేర్ల డబ్బా, ఆ రెంటినీ కలిపే షాఫ్టు తెచ్చాను. ఇరుసు పట్టడానికి కారును ఎత్తు లేపాను. హారను తీగ అడ్డమొస్తే కోసేశాను. పని అయ్యేసరికి అంబాసిడర్, పంచె ఎగ్గట్టి వాగులో దిగబోతున్న పెద్దమనిషిలా నిలబడింది. షెడ్డు వెనక బురదలో దింపితే నాలుగు చక్రాలూ పట్టి ఇవతలికొచ్చింది. బావ నన్ను కావలించుకున్నాడు. మిగిలిన బోల్టులు జేబులో వేసుకుని నేనూ ఆయన్ని కావలించుకున్నాను. కొత్తగా పెట్టిన గేర్ల డబ్బా 'గూఁ' అని పాడుతున్నది ఇద్దరం విన్నాం. షెడ్డులో అన్నీ చప్పుళ్లే కనుక అదేం చప్పుడో ఇద్దరికీ తట్టలేదు.

కారు ఇంకా ఊరికి చేరకముందే, బావ నా షెడ్డులో ఉండగానే అక్కకు నొప్పులని కబురొచ్చింది. ఆ మధ్యాహ్నం ఒకటే ముసురు. కారు బురదలో మహారాజులా నడిచింది. ఎడ్లబండి దిగబడ్డ చోటు దాటుతుంటే బావ కళ్లు తుడుచుకున్నాడు. ఊరి దగ్గర బర్రెలు కాసే మనిషి మమ్మల్ని చూడకుండానే బర్రెలను వదిలి జొన్నచేలో దూరి దాక్కున్నాడు. మేం వాడలోకి వెళ్తుంటే ముందు ముందు తలుపులు మూసుకుంటూ పోయాయి. అప్పుడు వెలిగింది నాకు. మొహం చూసేదాకా ఆగేదెవరు? ఆ పాట అచ్చం జీపుదే.

"అమ్మా, తలుపు తియ్యి, నేనే!" అని బావ తలుపు బాదాడు.

"నా కొడుకు కారు సప్పుడు నాకెర్క లేదా? మొగోళ్లెవ్వలు లేరు, పోండి సారూ!" అని లోపలి నుంచి అత్తమ్మ.

వాన చప్పుడులో గొంతు పోలిక తెలియదు, పైగా కొడుకు పేరు చెప్పి పోలీసులు తలుపులు తీయించిన కాలమది, ఆమెను తప్పు పట్టలేం. హారను కొడితే గుర్తుపట్టేది. దాని తీగ నేనే కోశాను. లోపల అక్క మూలుగు వినిపిస్తోంది. బావ తలుపుకు తల ఆనించి ఏడ్చేశాడు. ఇంత దూరం వచ్చి గడప ముందే మళ్లీ బిడ్డను పోగొట్టుకుంటామా అని నేనూ తలుపు దగ్గరికి ఉరికాను. "అక్కా, నేనొచ్చిన!" అని అరిచాను.

"తమ్మీ... నువ్వేనా?" అక్క గొంతు నీరసంగా వచ్చింది. "నువ్వే అయితే, ఇంట్ల నిన్ను ఏమని పిలుస్తరో చెప్పు."

బావ నా వైపు చూశాడు. మూసిన ప్రతి తలుపు వెనకా ఒక చెవి ఉంది. మెల్లగా చెప్పాను.

"ఇనవడ్తలేదు!" అంది అత్తమ్మ.

"మిగులుబోల్టు! నేను మిగులుబోల్టునే అక్కా!"

గడియ తీసిన చప్పుడైంది. ఎదురింటి తలుపు వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఒక్కొక్క తలుపే తెరుచుకుంది, ఆడవాళ్లు గోనెసంచులు కప్పుకుని వానలో పరుగెత్తుకొచ్చారు. అక్కను వెనక సీట్లో పడుకోబెట్టాక బావ నా వైపు తిరిగాడు.

"ఏమంటివి? మిగులుబోల్టా? గీ బండిల ఎన్ని మిగిలినయ్ రా?"

"రెండే బావా."

నొప్పుల మధ్య అక్క ఫక్కున నవ్వింది. ఆ నవ్వు వింటే నాకు ఏడుపొచ్చింది.

బురదంతా దాటాం. తారు రోడ్డెక్కగానే కింద ధడేలుమని ముందు షాఫ్టు ఊడి పడింది. "ఆపకు బావా, ఇగ దాంతోటి పని లేదు" అన్నాను. వెనక చక్రాల మీదే కోరుట్ల ఆస్పత్రికి చేరాం. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

ఇప్పుడా పల్లెకు తారు రోడ్డు పడింది. ఏ బండి వెళ్లినా ఎవరూ గడియ పెట్టుకోరు. నా మేనకోడలు తన కారును సర్వీసుకు నా దగ్గరికే తెస్తుంది, పని అయ్యాక "మామా, ఏమన్న మిగిలినయా?" అని అడగకుండా తాళం తీసుకోదు. ఏమీ మిగలవు, ఇన్నేళ్లకు చెయ్యి తిరిగింది. కానీ ఆ వయసులోనే నాకు పని సరిగ్గా వచ్చి ఉంటే, ఆ తలుపు ముందు నిలబడి ఏ పేరు చెప్పుకునేవాణ్ణి? "ఏం మిగల్లేదు, పోయిరా బిడ్డా" అంటాను. ఆమె కారు మలుపు తిరిగేదాకా చూస్తూ, ఎందుకో జేబు తడుముకుంటాను.