అంకుల్ పక్కన కూర్చుంటేనే ఆగిపోయే కారు

2023 మే నెల. నోయిడాలో ఒక కార్ల డీలర్ వర్క్‌షాప్‌లో నేను డయాగ్నోస్టిక్ టెక్నీషియన్‌ని. అంటే చేతిలో స్పానర్ కన్నా లాప్‌టాప్ ఎక్కువసేపు ఉండే మెకానిక్‌ని. ఊరు తెనాలి పక్కన. తొమ్మిదేళ్లుగా ఇదే పని చేస్తున్నా, ఇప్పటికీ రోజుకొక్కరైనా నన్ను చూసి "మేడమ్, మెకానిక్ కహాఁ హై?" అని, మెకానిక్ ఎక్కడున్నాడో నన్నే అడుగుతారు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు గ్రీజు చెయ్యి చూపించి ఊరుకుంటాను.

ముందు ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్తాను. ఇంట్లో ప్లగ్గుకి పెట్టి చార్జ్ చేసుకునే బ్యాటరీ ఉంటుంది, పెట్రోల్ ఇంజనూ ఉంటుంది. ఊళ్లో తిరిగినంతసేపు మోటారు మీద నడుస్తుంది, చార్జ్ అయిపోతే ఇంజను అందుకుంటుంది. ఎప్పుడు ఏది పనిచేయాలో తేల్చేది కంప్యూటర్. అందుకని సర్వీసుకి వచ్చిన బండికి ఆయిల్ మార్చినట్టే సాఫ్ట్‌వేర్ కూడా మారుస్తాం. నిజం చెప్పొద్దూ, ఈ అప్‌డేట్ మా షెడ్డులో సర్వరోగ నివారిణి. ఏ కంప్లయింటు వచ్చినా అప్‌డేట్ ఎక్కించి, కడిగి, తుడిచి పంపించేస్తారు.

అనసూయ ఆంటీ వాళ్ల హైబ్రిడ్ కారు ఆ నెలలో మూడోసారి మా గేటు లోపలికి వచ్చింది. ఆంటీ కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో సెక్షన్ ఆఫీసర్, రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్లుంది. భర్త ప్రభాకర్ అంకుల్ ఎయిర్‌ఫోర్స్‌లో విమానాల మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు, సొంతూరు శ్రీకాకుళం వైపు. మయూర్ విహార్‌లో ఫ్లాటు. జనవరిలో అంకుల్‌కి వెన్నుపూస ఆపరేషనైంది. ఎడమకాల్లో బలం సగం పోయింది. వారానికి మూడు రోజులు, సోమ బుధ శుక్రవారాలు, ఫిజియోథెరపీ మానకుండా చేస్తేనే కాలు మళ్లీ వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడట. క్యాబ్‌లో రెండుసార్లు వెళ్లి చూశారు. స్పీడ్‌బ్రేకర్ మీద కుదుపుకి అంకుల్ అరిచిన అరుపు విని ఆంటీ ఇంక క్యాబ్ అన్న మాటే ఎత్తలేదు. ఆఫీసులో గంట పర్మిషన్ పెట్టుకుని తనే తీసుకెళ్తోంది.

"ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండికి ఊపిరాగిపోతుందమ్మా," అంది ఆంటీ. "యాక్సిలరేటర్ తొక్కుతూనే ఉంటాను, ముందుకు పోదు. రెండు క్షణాలు, మూడు క్షణాలు. మళ్లీ తనే లాగుతుంది. మొన్న శుక్రవారం వెనకాల లారీ జానెడు దూరంలో ఆగింది. ఆ డ్రైవరు దిగొచ్చి తిట్టాడు. వాడు వెళ్లిపోయాక కూడా బండి కదపలేకపోయాను."

తాళం చెవులు నా బల్ల మీద పెట్టేసింది. "ఇంక నేను నడపను. ఏదో ఒకరోజు ఈయన్ని నేనే చంపుకునేట్టున్నాను."

అంకుల్ నడుముకి బెల్టుతో కర్రలా నిటారుగా కూర్చుని ఉన్నారు. "అలాగంటే నా కాలు ఏటవుద్ది?" అన్నారు. గొంతులో కోపం ఉంది గానీ అది ఆంటీ మీద కాదు. జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి నా ముందు పెట్టారు. బండి ఆగిన ప్రతిసారీ తేదీ, చోటు, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, బ్యాటరీ ఎంత శాతం, ఏసీ ఉందా లేదా, అన్నీ గుండ్రటి అక్షరాల్లో రాసుకున్నారు. పదకొండుసార్లు. "ఏప్రిల్ సర్వీసులో మీరు అప్‌డేట్ ఏసినాకే మొదలైంది. ముందు ఒక్కపాలీ రాలేదు. సూసుకో అమ్మా."

నాకు ఆ నోట్‌బుక్ చూడగానే అంకుల్ మీద గౌరవం పుట్టింది. మా దగ్గరికి వచ్చే కంప్లయింట్లలో సగం "కుఛ్ ఆవాజ్ ఆతీ హై", అంటే ఏదో చప్పుడొస్తోంది, అన్న దగ్గరే ఆగిపోతాయి.

మా సర్వీస్ మేనేజర్ చౌహాన్ సార్‌కి మాత్రం అలాంటిదేం పుట్టలేదు. అంతకుముందు రెండుసార్లూ జాబ్ కార్డు మీద ఎన్ఎఫ్ఎఫ్ అని రాసి పంపారు. జాబ్ కార్డంటే కస్టమర్ చెప్పిన బాధా, మేం చేసిన పనీ రాసే కాగితం. ఎన్ఎఫ్ఎఫ్ అంటే 'లోపం ఏదీ కనపడలేదు' అని. కారు కంప్యూటర్‌లో లోపం నమోదైతే ఒక ఫాల్ట్ కోడ్ ఉంటుంది. ఈ బండిలో ఒక్క కోడూ లేదు. తయారీ కంపెనీ టెక్నికల్ టీమ్ కూడా అప్‌డేట్ సరిగ్గానే ఉందని మెయిల్ పెట్టేసింది.

"జ్యోతీ, ఆంటీ కో గాడీ చలానా నహీఁ ఆతా," అన్నారు చౌహాన్ సార్. "ఎన్ఎఫ్ఎఫ్ లిఖో, ఖతమ్ కరో."

పాతికేళ్లుగా ఢిల్లీ ట్రాఫిక్‌లో కారు నడుపుతున్న మనిషికి నడపడం రాదట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మూడు రోజులివ్వండి సార్. నాలుగోరోజు మీరు ఏం రాయమంటే అది రాస్తాను," అన్నాను. మా అమ్మ నన్ను ఉడుంపట్టు మనిషి అంటుంది. ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేం లేదు.

మొదటిరోజు నేనే నడిపాను. అదే ఫ్లైఓవర్, అదే టైము, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు, సగంలో, అడుగంటినప్పుడు. ఎక్కడం, దిగడం, మళ్లీ యూటర్న్ కొట్టి ఎక్కడం. టోల్ దగ్గర నీళ్ల సీసాలమ్మే భయ్యా నన్ను గుర్తుపట్టి నవ్వడం మొదలుపెట్టాడు. బండి వెన్నలా పోయింది.

రెండోరోజు మంగళవారం. ఆంటీని బతిమాలి రప్పించాను. తను నడుపుతుంటే నేను పక్క సీట్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. అంకుల్ ఇంట్లోనే ఉన్నారు. నాలుగుసార్లు ఎక్కాం, ఏమీ కాలేదు. ఐదోసారి దిగాక ఆంటీ బండి పక్కన పెట్టి కళ్లు తుడుచుకుంది. "నువ్వు కూడా అనుకుంటున్నావు కదూ, ఈవిడకి చాదస్తమని."

"లేదాంటీ," అన్నాను. నాకూ లోపల కొంచెం అనుమానం తగిలింది, దాచుకోను. ఆ అనుమానం వచ్చినందుకు నా మీద నాకే చిరాకేసింది.

మధ్యాహ్నం టిఫిన్ బాక్సు ముందు పెట్టుకుని అంకుల్ నోట్‌బుక్ మళ్లీ తిరగేశాను. బ్యాటరీ శాతాలు పోల్చాను, ఏసీ పోల్చాను, పొంతన లేదు. అప్పుడు తేదీల పక్కన వారాలు వేసుకుంటూ పోయాను. సోమవారం, బుధవారం, శుక్రవారం, సోమవారం. పదకొండూ అంతే. ఆంటీ మంగళవారాలు కూరగాయలకి వెళ్తుంది, ఆదివారాలు గుడికి వెళ్తుంది, అదే కారు, ఏ గొడవా లేదు. తేడా ఒక్కటే. ఆ పదకొండు రోజులూ బండిలో అంకుల్ ఉన్నారు.

ఈ మాట షెడ్డులో పైకి అన్నందుకు వారం సరిపడా నవ్వుకున్నారు కుర్రాళ్లు. "అంకుల్ కో భీ అప్‌డేట్ మార్ దో దీదీ!" అన్నాడొకడు, అంకుల్‌కీ ఒక అప్‌డేట్ ఎక్కించెయ్యమని. నేను పట్టించుకోలేదు. ఎడమ సీటు కింద బరువు కొలిచే సెన్సర్ ఉంటుంది, సీటుబెల్టు హెచ్చరిక కోసం. దాని వైరు ఏదన్నా తగులుతోందేమో అని అంకుల్ బరువెంతో ఫోన్ చేసి కనుక్కుని, అరవై ఎనిమిది కిలోల ఇసుక మూటలు ఆ సీట్లో పెట్టి బెల్టు కట్టి మరీ ఫ్లైఓవర్ ఎక్కించాను. ఇసుక మూటలు హాయిగా షికారు చేసి వచ్చాయి.

ఇంక మిగిలింది అంకులే. మూడోరోజు బుధవారం, ఫిజియోథెరపీకి ఇద్దరూ బయల్దేరేటప్పుడు నేను వెనక సీట్లో ఎక్కాను. ఆంటీకి నడపడం సుతరామూ ఇష్టం లేదు. "వెనకాల మా బండి ఒకటి హజార్డ్ లైట్లతో వస్తోందాంటీ, ఏ లారీ మీదికి రాదు," అని ఒప్పించాను. ఒళ్లో లాప్‌టాప్, తెర మీద లైవ్ డేటా. అంటే ఏ పెడల్ ఎంత నొక్కారు, మోటారు ఎంత లాగుతోంది, క్షణక్షణం కనిపించే అంకెలు.

ఫ్లైఓవర్ ఎక్కడం మొదలైంది. యాక్సిలరేటర్ ముప్పై శాతం. మోటారు లాగుతోంది. ఉన్నట్టుండి మోటారు సున్నా. బండి నీరసంగా జారిపోయింది. "ఇదిగో, ఇదిగో!" అంది ఆంటీ.

నా చూపు ఇంకో గడి మీద పడింది. బ్రేకు, మూడు శాతం.

యాక్సిలరేటర్ ముప్పై, బ్రేకు మూడు, రెండూ ఒకేసారి! క్లచ్ లేని బండి ఇది, రెండు పెడళ్లూ కుడికాలే చూసుకోవాలి. ఒక కాలితో ఒకేసారి రెండూ కుదరని పని. ఫ్లైఓవర్ దిగి పక్కకి ఆపాక ఆంటీని కాళ్లు కదపొద్దన్నాను. దిగి వెళ్లి తలుపు తీసి కిందికి వంగి చూశాను. కుడికాలు దాని చోట అది ఉంది. ఎడమకాలు, చెప్పు విప్పేసి, మునివేళ్లతో బ్రేకు పెడల్ మీద ఆనించి ఉంది.

"ఆంటీ, ఎడమకాలు బ్రేకు మీద పెట్టి నడుపుతున్నారా?"

"నేనా? లేదే!" అని కిందికి చూసుకుంది. ఆ కాలు ఠక్కున తీసేసింది.

తర్వాత తనే చెప్పుకొచ్చింది. ఆపరేషన్ అయ్యాక మొదటిసారి ఇంటికి తీసుకొస్తున్నప్పుడు ఒక స్కూటర్ అడ్డమొస్తే గబుక్కున బ్రేకు వేసింది. అంకుల్ నొప్పికి విలవిల్లాడారు. అప్పట్నుంచి ఆయన పక్కన ఉంటే ఎడమకాలు బ్రేకు మీద సిద్ధంగా ఉండిపోతోంది, ఎప్పుడు ఆపాల్సొచ్చినా మెత్తగా మొదలుపెట్టడానికి. ఒక్కతే ఉన్నప్పుడు ఆ భయం లేదు, ఆ కాలూ రాదు. ఇదంతా తను చేస్తున్నట్టు ఆవిడకే తెలీదు. ఏప్రిల్ దాకా బండి ఆ చిన్న ఒత్తిడిని పట్టించుకోలేదు. కొత్త సాఫ్ట్‌వేర్ మాత్రం యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతున్నప్పుడు, అంటే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, బ్రేకు కాస్త నొక్కినా ప్రమాదమనుకుని మోటారు ఆపేస్తోంది. బండి లెక్కలో అది లోపం కాదు, డ్రైవర్ చెప్పిన మాట వినడం. కోడ్ ఎందుకుంటుంది?

"అంటే తప్పు నాదేనన్నమాట," అంది ఆంటీ.

అంకుల్ ఆవిడ వైపు తిరగబోయారు, బెల్టు తిరగనివ్వలేదు. ముందు అద్దం వైపు చూస్తూనే, "నాలుగు నెల్లు రెండు కాళ్లతో మోసుకొచ్చినావు నన్ను. అది తప్పేటి?" అన్నారు. లాప్‌టాప్ సర్దుకునే వంకతో బయటే నిలబడ్డాను.

వర్క్‌షాప్‌కి వచ్చేసరికి చౌహాన్ సార్ ముఖం వెలిగిపోయింది. "మైనే బోలా థా! డ్రైవర్ ఎర్రర్ లిఖ్ దో."

"రాయను సార్," అన్నాను. మా డెమో కారులో ఇంకా పాత సాఫ్ట్‌వేరే ఉంది. ఆయన్ని ఎక్కించుకుని రెండు కాళ్లతో నడిపి చూపించాను. బండి ఆగలేదు. తర్వాత ఆంటీ కారులో అదే చేశాను. ఆగింది. అప్‌డేట్‌తో కంపెనీ ఇచ్చిన కాగితం తీసి చూపించాను. 'నడపడంలో మెరుగుదలలు' అని ఒకే ఒక్క ముక్క ఉంది. "బండి స్వభావం మనం మార్చాం. ఆవిడకి చెప్పలేదు. తెలియని నియమం తప్పిందని ఆవిడ మీద ఎలా రాస్తాం? రాయాల్సిందే అంటే నా సంతకం లేకుండా రాయండి."

ఆయన పెన్ను నా వైపు తోశారు. నేను రాసింది ఇది: 'అప్‌డేట్ వల్ల బ్రేకు నియమం మారింది, కస్టమర్‌కి తెలియజేయలేదు. ఇప్పుడు తెలియజేశాం, నేర్పిస్తున్నాం.'

నేర్పించడమే అసలు పని. కాలు తీసెయ్యండి అంటే సరిపోదు, ఆ కాలు చేస్తున్న పని ఇంకోటి చెయ్యాలి. ఈ కార్లలో రీజెన్ అని ఒకటుంది. యాక్సిలరేటర్ వదలగానే మోటారు వెనక్కి పనిచేసి బ్యాటరీని నింపుతూ బండిని నెమ్మదింపజేస్తుంది. దాన్ని మధ్య స్థాయిలో పెట్టి, కుడికాలు కొద్దికొద్దిగా ఎత్తితే ఎంత మెత్తగా ఆగుతుందో చూపించాను. గురు, శుక్రవారాలు సాయంత్రం, ఆదివారం పొద్దున్న, మా వెనక యార్డులో డబ్బాలు పేర్చి ప్రాక్టీసు చేయించాను. మధ్యలో శుక్రవారం ఫిజియోకి నేనే నడిపి తీసుకెళ్లాను. ఆంటీ ఎడమకాలు పదిసార్లు పారిపోయి బ్రేకెక్కింది. పదకొండోసారి ఆవిడే తిట్టుకుని వెనక్కి లాక్కుంది. ఆదివారం అంకుల్ పక్కన కూర్చుని పరీక్షాధికారిలా మార్కులేశారు. పదికి ఆరుతో మొదలై తొమ్మిదిన్నర దగ్గర ఆగారు. ఆ అర మార్కు కోసం ఆంటీ పోట్లాడింది.

సోమవారం వాళ్లతో వెనక సీట్లో మళ్లీ నేను. ఫ్లైఓవర్ మొదలైంది. యాక్సిలరేటర్ ముప్పై, ముప్పై రెండు. బ్రేకు సున్నా. శిఖరం దాకా సున్నాయే. ముందు టెంపో ఆగితే ఆంటీ కుడికాలు ఎత్తింది, బండి ఊయల ఆగినట్టు ఆగింది. ఆనందం పట్టలేక "ఆంటీ, చూశారా!" అని అరవబోయాను.

ఆంటీ అద్దంలోంచి నన్ను చూసి, పెదాల మీద వేలు పెట్టుకుంది. "మెల్లిగా అమ్మా. ఆపరేషన్ అయ్యాక ఈయన బండిలో నిద్రపోవడం ఇదే మొదలు."

లాప్‌టాప్ మూసేశాను. లోపం యంత్రంలో దొరక్కపోతే మనిషి మీద పడెయ్యడం మా వృత్తిలో చాలా తేలిక, నేనూ ఒక రోజు దాని అంచుదాకా వెళ్లొచ్చాను. ఆ మనిషి అలా ఎవరి కోసం నడుపుతోందో కనుక్కోవడం కూడా మా పనేనని అనసూయ ఆంటీ కేసు నాకు నేర్పింది. ఇప్పుడు ఎవరు కంప్లయింటు తెచ్చినా, లాప్‌టాప్ తగిలించకముందే అడుగుతాను, "బండిలో మీతో ఎవరెవరుంటారు?" అని. చాలామంది ముందు వింతగా చూస్తారు, తర్వాత చెప్పడం మొదలుపెడతారు. నేను స్టూలు లాక్కుని కూర్చుని వింటాను.