బియ్యం బస్తాల మధ్య క్లారినెట్

మా ఆయన యుద్ధం నుంచి తెచ్చుకున్నవి రెండే: కాలిలో దిగిన ఇనప ముక్క, రేకు పెట్టెలో క్లారినెట్. పటాలం బ్యాండులో నేర్చుకున్నాడు. వచ్చేసరికి మా మామ పోయి ఉన్నాడు. కోటబొమ్మాళిలో మా కిరాణా కొట్టు చూసే మనిషి లేడు. గల్లాపెట్టె ముందు కూర్చోబెట్టారు. ముసలివాడయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు.

ఆ క్లారినెట్ అంటే మా అత్తకి గిట్టేది కాదు. పెళ్ళిళ్ళలో ఊదే కులం వేరే ఉంది. కొట్టుగలవాడు మేళంలో కూర్చుంటే ఇంట్లో ఆడపిల్లకి సంబంధాలు రావు. మా ఆడపడుచు పెళ్ళికి ఎదిగి ఉంది. అంచేత మధ్యాహ్నం కొట్టు మూసిన వేళ, వెనక గదిలో బస్తాల మధ్య గడియ పెట్టుకుని ఊదేవాడు. ఆ గదికి కిటికీ లేదు. గోడకీ పెంకులకీ నడుమ కాస్త సందు, అంతే. బయటికి వచ్చేసరికి చొక్కా పిండితే నీళ్ళు కారేవి. కనుబొమ్మల నిండా తవుడు.

అరవయ్యో దశకం చివర్లో ఒక శ్రావణమాసం. పక్కింట్లో పెళ్ళి, పొద్దుటి ముహూర్తం. డోలువాడు ఊళ్ళోవాడే, వచ్చేశాడు. సన్నాయి మాత్రం కళింగపట్నం నుంచి రావాలి. వంశధార పొంగి పడవ వెయ్యలేదు. పెళ్ళికూతురి తండ్రి మా కొట్టుకి పరుగెత్తుకొచ్చాడు.

"బావా, నువ్వొచ్చి పందిట్లో కూకో. సన్నాయి లేకుండా నా పిల్లకి తాళెలాగ కట్టించీది?"

మా ఆయన లేచి నిలబడ్డాడు. నలుగురి ముందు ఒక్కసారి ఊదాలని ఆయనకి ఎంత ఆశో నాకు తెలుసు. రేకు పెట్టె తీసేసరికి మా అత్త గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"ఎల్లరా, నన్ను దాటుకుని ఎల్లు. రేపు నీ సెల్లిని సూడ్డానికొచ్చినోళ్ళు ఏటంటారు?"

"అమ్మా, యుద్ధంలో ఊదినప్పుడు లేని తప్పు ఇప్పుడేటే?"

"అక్కడ నిన్నెవులు సూసినారు?"

"అత్తా, ముహూర్తం దాటిపోతన్నాదే!" అని పక్కింటాయన ఏడుపు గొంతుతో అన్నాడు.

మా ఆయన తల్లిని దాటలేదు. వెనక గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. పక్కింటి పందిరి ఆ గోడకే ఆనించి వేశారు. బస్తాలెక్కి, పెంకుల సందుకి క్లారినెట్ ఆనించి ఊదాడు. డోలువాడు ముందు బిత్తరపోయి, తర్వాత అందుకున్నాడు. తాళి కట్టారు. అక్షింతలు వేసినవాళ్ళలో ఒక్కరూ తలెత్తి పెంకుల వైపు చూడలేదు.

భోజనాల దగ్గర ఎవరో మా అత్తతో, "మేళం బాగుందే పిన్నీ" అన్నారు.

"ఏరవతలోళ్ళు" అంది, అరిసె కొరుకుతూ.

ఊదింది మా ఆయన. ముసలితనంలో నేర్చిన అక్షరాలతో ఇప్పుడైనా ఆ మాట రాస్తున్నాను.

ఆడపడుచు పెళ్ళయింది. ఏళ్ళు గడిచి అత్త కూడా పోయింది. ఒక మధ్యాహ్నం ఆయన గడియ పెట్టుకోకముందే నేను ఆ గది తలుపు బార్లా తీశాను.

"ఇంకెవులున్నారు అడ్డం? అరుగు మీద కూకుని ఊదు."

వచ్చి కూర్చున్నాడు. క్లారినెట్ నోట పెట్టుకున్నాడు. దారిన పోయేవాళ్ళు ఇద్దరు ఆగి చూశారు. ఎంత ఊదినా చప్పుడు రాలేదు. లేచి లోపలికి పోయాడు.

"తలుపేసీయే."

వేశాను. అప్పుడు పలికింది.