మా పెద్దమ్మ తోలిన కాంటెస్సా

పెద్దమ్మ పోయింది. పులివెందుల అవతల తన చీనీతోటలోని ఇంట్లో, పొద్దున్నే తల దువ్వుకుంటా దువ్వుకుంటా మంచం మీదికి ఒరిగిపోయిందట. గుండె ఆగిందన్నారు. మా అమ్మకు తోడబుట్టింది ఆమె ఒక్కతే. ప్రొద్దుటూరులో నా కుట్టు అంగడి మూసేసి, బస్సులో కూర్చుని, చెప్పాల్సిన వాళ్లందరికీ నేనే ఫోన్లు చేశాను. బంధువులకు, తెలిసినవాళ్లకు, ఆమె దగ్గర చీనీకాయలు, అదే బత్తాయిలు, కొనే వ్యాపారులకు. ఎవరికి చేసినా అడిగిన మాట ఒకటే. "కారుతోనేనా?"

కాదు. ఇక్కడ అచ్చులో రాస్తున్నాను, అందరూ చదువుకోండి. కారు ఆ వేళ షెడ్డులో ఉంది. అది ఎవరినీ ఏమీ చెయ్యలేదు. "ఆ వయసులో ఆ ఆటలేంది, దేవుడు చూస్తా ఊరుకుంటాడా" అని చావింట్లోనే గొణిగినవాళ్లు ఉన్నారు. ఆ రోజు ఏడుపులో ఉండి జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఆమె తెలియనివాళ్ల కోసం ముందు ఎద్దుల సంగతి చెప్పాలి. పెదనాన్న బండలాగుడు పందేల మనిషి. తిరునాళ్లలో జత ఎద్దుల చేత రాతిబండ లాగించే ఆ పందేలంటే మా జిల్లాలో అన్నం మానేసి పరిగెత్తేవాళ్లున్నారు. జమ్మలమడుగు నుంచి మైదుకూరు దాకా ఆయన జత దిగని తిరునాళ్ల లేదు. ఆ జతను మేపింది మాత్రం పెద్దమ్మ. ఉలవలు ఉడకబెట్టడం, పత్తివిత్తులు రుబ్బడం, గుడ్లు పట్టించడం, ఎండాకాలం బోరు కింద నిలబెట్టి పీచుతో రుద్ది కడగడం, అన్నీ ఆమే. ఎద్దుకు కడుపుబ్బితే దాని పక్కనే గోనెపట్ట పరుచుకుని పడుకునేది.

పందెం నాడు ఆమె గడప దాటకూడదు. ఆడమనిషి ఎదురొస్తే జత ఓడుతుందని ఆ ఇంట్లో పట్టింపు. కాడి ముట్టకూడదు, బరిలో అడుగు పెట్టకూడదు. తన చేతి తిండి తిన్న ఎద్దులు బండ లాగుతుంటే ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. సొంతూళ్లో పందెమైతే ఇంట్లో కూర్చుని, జతను వదిలే ఈల మైకులో వినేది, జనం అరుపులు వినేది, ఆ అరుపుల్ని బట్టి గెలిచారో ఓడారో తెలుసుకునేది.

పెదనాన్న పోయాక ఆయన తమ్ముడు ఎద్దుల్ని అమ్మేశాడు. అడిగి అమ్మలేదు, అమ్మి చెప్పాడు. "చేతులు ఊరికే ఉండలేకుండాయి పాపా" అని పెద్దమ్మ నాతో అంది. పిల్లలు లేని మనిషి. చెప్పుకోవడానికి నేనూ మా అమ్మా తప్ప ఎవరున్నారు?

ఆ తర్వాత కొంతకాలానికి ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చింది. మా వీధి చివర బంగారం అంగడి వాళ్ల కొడుకు దగ్గర ఒక పాత కాంటెస్సా ఉండేది. దాని ఇంజను తీసేసి జపాన్ ఇంజను పెట్టించాడు. బానెట్ కోసి ఇంజనుకు గాలి పోయేలా మూతి పెట్టించాడు, వెనక చక్రాలు ట్రాక్టరుకు తమ్ముళ్లలా ఉంటాయి. అది స్టార్టయితే వీధిలో కిటికీలు అదిరేవి. పెద్దమ్మ టీ తాగుతూ ఆ మోత విని గ్లాసు కింద పెట్టింది.

"ఆ రంకె ఏంది పాపా?"

కారన్నాను. పైకి లేచి వెళ్లింది. ఆ పిల్లోడికి పెళ్లి కుదిరింది, కారు వదిలించుకుంటేగానీ పిల్లనివ్వం అన్నారట. అమ్మకానికి ఉందని తెలిసేసరికి పెద్దమ్మ కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. అచ్చంగా సంతలో ఎద్దును చూసినట్టే. ముందు వెనక నుంచి చూసింది. తర్వాత మూపురం మీద వేసినట్టు బానెట్ మీద అరచెయ్యి వేసి పెట్టుకుంది.

"నడిపించి చూపించప్పా. ఎన్ని చేతులు మారినాది?"

"నేను రెండోవాణ్ణి పెద్దమ్మా."

"ఏం జబ్బుండాదని అమ్ముతాండావు?"

"జబ్బేం లేదు. పెళ్లి."

"అయితే జబ్బు నీకే," అంది.

నేను నవ్వి ఊరుకున్నాను. ఆమె ఊరుకోలేదు. ఆ సంవత్సరం చీనీకాయలు బాగా పలికాయి. కాగితాలు, ఇంజను మార్పు రాయించిన పత్రంతో సహా, నా చేత చదివించుకుని వారం తిరక్కుండా కొనేసింది. కారు లైసెన్సు అప్పటికే ఉంది. ట్రాక్టరూ, కాయలు వేసే మినీ లారీ రెండూ తనే తోలుకునేది.

తోలుకుపోయే రోజు ఒక తమాషా జరిగింది. మా వైపు గొడ్డును అమ్మినవాడు పలుపు ఇవ్వడు. కొన్నవాళ్లే కొత్త తాడు తెచ్చుకుని కట్టుకోవాలి. పాత తాడుతో వస్తే గొడ్డు మనసు పాత కొట్టంలోనే ఉంటుందని నమ్మకం. పెద్దమ్మ తాళాల గుత్తిలోంచి కారు తాళం ఒక్కటి తీసుకుని, దానికి కొత్త ఎర్రదారం కట్టి, గుత్తి ఆ పిల్లోడి చేతిలో పెట్టేసింది. "పలుపు నీదగ్గిరే పెట్టుకో నాయనా." వాడు తెల్లబోయి పెట్టుకున్నాడు.

జమ్మలమడుగు పెట్రోలు బంకులో ఆపితే ట్యాంకు మూత రాదు. దాని తాళం గుత్తిలో ఉంది, గుత్తి ప్రొద్దుటూరులో ఉంది. బంకు వాళ్లు చుట్టూ మూగారు. పులివెందుల చేరేంత పెట్రోలు లేదు. చివరికి ఆ పిల్లోడే మోటారుసైకిలు మీద వచ్చాడు. గుత్తి మొత్తం ఇవ్వబోతే పెద్దమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఆ ఒక్కటి తీసియ్యి. అది పలుపు కాదు, చిక్కం. నోటికి కట్టేది. చిక్కం తీసుకోవచ్చు."

ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. అప్పటికప్పుడు పుట్టించిందనే నా అనుమానం. అవసరమైనప్పుడు ఆచారాన్ని రవ్వంత జరుపుకోవడం ఆమెకు బాగా తెలుసు.

ఊళ్లోకి ఆ కారు వచ్చిన రోజు నుంచి మాటలు మొదలయ్యాయి. ఎద్దుల్ని అమ్మేసిన ఆ మరిది వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"వదినా, ఊర్లో తలెత్తుకోలేకుండాం."

"ఎత్తుకోవద్దులే నాయనా. దించుకోనే నడువు. దోవలో రాళ్లన్నా కనపడతాయి."

మా అమ్మ కూడా ఆమెతో పోట్లాడింది. పోట్లాట అంటే అమ్మది ఏడుపే, ఆమె ఎన్నడూ గొంతు పెంచిన మనిషి కాదు. "అందరూ నవ్వుతాండారక్కా" అని ఏడ్చేది. "నవ్వనీలే, పండ్లకు గాలి తగుల్తాది" అనేది పెద్దమ్మ. అమ్మ ఆ కారు ఎక్కనని ఒట్టేసుకుంది. పెద్దమ్మ బతికున్నంతకాలం ఎక్కలేదు కూడా.

పులివెందుల కుర్రాళ్లకు మాత్రం ఆ కారంటే ప్రాణం. సాయంత్రాలు బైపాసు మీద వాళ్లలో వాళ్లు పందేలు వేసుకునేవాళ్లు. ఒకనాడు నలుగురు తోటకొచ్చి బతిమాలారు.

"పెద్దమ్మా, ఒక్కసారి బైపాసు మీదికి రా. మా బండ్లకు నీ బండికి చూసుకుందాం."

"ఎద్దుల పందెం ఎప్పుడన్నా బజార్లో పెట్టినామా రా? పందేనికి బరి ఉండాల, గీత ఉండాల, చూసేటోళ్లు పక్కన నిలబడాల. ఆ దోవలో కూలికి పోయొచ్చే ఆడోళ్లు నడుస్తాంటారు."

"భయమా పెద్దమ్మా?" అన్నాడొకడు.

"భయమే. తోలేటోళ్లకు భయం ల్యాకుంటే గొడ్డే చస్తాది."

ఈ మాట గొణిగేవాళ్లందరూ వినాలని రాస్తున్నాను. రోడ్డు మీద ఆమె ఎప్పుడూ పందెం కట్టలేదు. ఎరువు బస్తాలు డిక్కీలో వేసుకుని ఎడమ పక్కగా మెల్లగా పోయేది. ఆ కారు మోతకూ ఆ వేగానికీ సంబంధం లేక జనం తిరిగి చూసేవాళ్లు.

ఆమెకు కావలసింది బరి. బెంగళూరు అవతల విమానాలు దిగడం మానేసిన ఒక మైదానంలో పర్మిషన్లతో, అంబులెన్సులతో కార్ల పందేలు పెడతారని ఆ కుర్రాళ్లే చెప్పారు. రెండు కార్లు పక్కపక్కన నిలబడి తిన్నగా పావుమైలు పరిగెత్తాలి. పేరు రాయించమని నాకు ఫోను చేసింది. "గీత మీద ఒక్కసారి నిలబడాల పాపా. గెలుస్తానో ల్యాదో తర్వాత సంగతి. నిలబడకుండా పోతే నా కట్టె కాలదు." ఆ గొంతు విన్నాక నేను వద్దనలేకపోయాను. వద్దనాలని కూడా అనిపించలేదు.

మరిది తనూ వస్తానన్నాడు. "ఏమన్నా అయితే ఒక మగమనిషి ఉండొద్దా" అని.  అక్కడ చీర పనికిరాదన్నారు. పెద్దమ్మ జీవితంలో మొదటిసారి నా పంజాబీ డ్రస్సు వేసుకుంది. చేతుల దగ్గర బిగుతైతే కుట్లు నేనే విప్పాను. వయసు, లైసెన్సు, బ్రేకులు, బెల్టు అన్నీ చూసి, అక్కడి మనిషి హెల్మెట్ తెచ్చి నేరుగా మరిది చేతికిచ్చాడు. ఆయనా తీసుకున్నాడు! పట్టుకుని నిలబడ్డాడు, ఏం చెయ్యాలో తోచక. పెద్దమ్మ ఆ చేతుల్లోంచి లాక్కుంది.

"మేపింది నేను. నువ్వు పక్కకు నిలబడు."

కొప్పు మీద హెల్మెట్ పట్టలేదు. అంతమంది ముందు కొప్పు విప్పేసి, జుట్టు డ్రస్సులోకి దోపుకుని ఎక్కింది.

పక్కన బెంగళూరు వాళ్ల తెల్లకారు. ముందర కొయ్యకు లైట్లు. పసుపు వెలిగింది, పచ్చ వెలిగింది, తెల్లకారు వెళ్లిపోయింది. పెద్దమ్మ కారు గీత మీదే ఉంది.  కారు పాడైందనుకున్నాను. తర్వాత ఒక్కసారిగా రంకె వేసి, వెనక చక్రాల నుంచి పొగ లేపుకుంటూ పోయింది. పోయిందంటే పోయింది, కంటికి ఆనలేదు. కానీ ముందే ఓడిపోయింది.

ఏమైందంటే, ఆమె ఈల కోసం ఆగింది. లైట్ల సంగతి నేను పదిసార్లు చెప్పాను, సరే సరే అంది. కానీ ఆమెకు పందెమంటే వినడమే తెలుసు. అన్నేళ్లు ఇంట్లో కూర్చుని చెవులతోనే కదా చూసింది. గీత మీద చెవులు రిక్కించి కూర్చుంది, ఈల రాలేదు.

కారు వెనక్కి తిప్పుకొచ్చి దిగింది. జుట్టంతా చెమటకు ముఖానికి అతుక్కుని ఉంది. ఓదారుద్దామని దగ్గరికి పోతే నన్ను ఆపి, మరిది వైపు తిరిగింది.

"ఓడిపోయినా. చూసినావా? నేనే ఓడిపోయినా. మీ అన్న ఓడొచ్చిన ప్రతిసారీ మూల కూచోని ఏడ్చినా. అది నాది కాదు, అయినా నన్నే తిట్టిరి, ఎదురొచ్చినావని. ఇది నాది."

ఆమె ముఖంలో అంత సంతోషం నేను అంతకు ముందు చూడలేదు.  మరిది నీళ్ల సీసా మూత తీసి ఆమె చేతికిచ్చాడు.

తర్వాత కూడా వెళ్లింది. ఒకసారి గెలిచింది, ఆ కప్పులో బియ్యం కొలిచేది. అడిగితే గెలిచిన కథ చెప్పేది కాదు, ఓడిన కథే చెప్పేది.

నా అంగడి బోర్డు మీద మా ఆయన పేరు ఉండేది. "కుట్టేది ఎవురు?" అని ఒక్క మాట అడిగింది పెద్దమ్మ. మర్నాడే పెయింటరును పిలిచాను. నేను ఆమెకు ఋణపడింది ఆ మాటకే. ఆమెను తలుచుకుంటే నాకు ఏడుపు వస్తుంది, ఏడుపు వెనకే కోపం వస్తుంది, ఆ కోపం కూడా ఆమె ఇచ్చిందే అనిపిస్తుంది.

పెద్దదినం నాడు భోజనాలయ్యాక మగవాళ్లు పెరట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. కారు మాట వచ్చింది. పాత ఇనుముకు వేసేద్దామన్నాడొకాయన. ఆమె పేరు చెప్పుకుని ఊరు ఇంకా నవ్వకుండా తీసేయడమే మంచిదన్నాడు ఇంకొకాయన. మరిది తల వంచుకుని ఉన్నాడు.

"ఉంచుకుంటే మాత్రం ఎవురు తోలతారమ్మా దాన్ని?" అని నన్నడిగాడు.

"నేను తోలతా."

"నీ మొగుడు ఒప్పుకోవాల కదా" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేను నోరు తెరవబోతుంటే షెడ్డులో తలుపు పడిన చప్పుడైంది.

వెళ్లి చూశాం. కారు మీద కప్పిన పట్టా ఒక పక్క మాత్రం ఎత్తి ఉంది. లోపల, డ్రైవరు సీట్లో, మా అమ్మ.

"దిగమ్మా, ఏంది ఇది" అన్నాడు మరిది. అమ్మ అద్దం పైకి ఎత్తుకుంది. ఎవరో తలుపు లాగారు, లోపల గడియ వేసుకుంది. మా అమ్మకు కారు తోలడం రాదు. తాళం నా దగ్గర ఉంది. ముందు అద్దం మీద పట్టా అట్లే కప్పి ఉంది, ఆమెకు ఎదురుగా ఏమీ కనపడదు. రెండు చేతులతో స్టీరింగు గట్టిగా పట్టుకుని, ముందుకే చూస్తా కూర్చుంది.