అవ్వ నాలుక మీది తెలుపు

ఆ రోజుల్లో తిరుపతిలో ఒంటరిగా ఉండాలంటే కాస్త కష్టపడాలి, ఊరంతా జనమే కాబట్టి. నేను మాత్రం ఏ కష్టమూ లేకుండానే ఒంటరిగా ఉండేవాణ్ణి. ఆస్పత్రి ల్యాబులో కొత్తగా చేరాను. రోజంతా మొహం పెట్టి పలకరించేది ఒక్క మైక్రోస్కోపునే (అది తిరిగి పలికేది కాదు).

ఒకరోజు పెద్ద డాక్టరుగారు ఆడవాళ్ల వార్డులో ఒక అవ్వ నాలుక గీకి పరీక్షించమన్నారు. పుత్తూరు పక్క పల్లె ఆమెది. ఆయాసానికి ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగి, ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి పోగొట్టుకుంది. అలాంటి ఒంట్లో, మామూలుగా నోట్లో ఊరికే పడి ఉండే బూజు కూడా రెచ్చిపోతుంది. గొంతులోకి దిగితే మెతుకు దిగదు. అప్పటికే ఆమె తిండి మానేసింది. నాలుక తెల్లగా ఉంది. దర్జాగా గీకి తెచ్చి చూస్తే బూజు లేదు సరికదా, ఏవో నల్లటి పలుకులు. లోకానికి తెలియని జబ్బేదో కనిపెట్టానని (దానికి నా పేరే పెడతారని కూడా) పొంగిపోయి డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను.

ఆయన చూసి నింపాదిగా కళ్లద్దాలు తుడుచుకున్నారు. "ఆ యమ్మ నోట్లో ఏమేసుకునిందో అడిగినావా అప్పా?"

అడగలేదు. వెళ్లి అడిగాను.

"విబూది నాయనా. పక్క మంచాలోళ్లకు సుట్టాలొచ్చినప్పుడంతా కాళాస్తి విబూది తెస్తారు. నాకెవురూ రారు గదా, పాపమని నా నోట్లో గూడా రోంత ఏసి పోతారు."

ఆ తెల్లటి విభూతే మైక్రోస్కోపు కింద వెలుగుకు అడ్డొచ్చి నల్లటి పలుకుల్లా కనిపించిందన్నమాట. నోరు పుక్కిలింపించాను. విభూతి పోయింది, కింద ఇంకో తెలుపు పోలేదు. దాన్ని గీకి చూస్తే గుండ్రటి కణాలు, వాటికి మొగ్గలు, పక్కన సన్నటి పోగులు. అచ్చమైన బూజే. డాక్టరుగారు ఊదారంగు మందు రాయించారు. అవ్వ నోరంతా ఊదా, ల్యాబు రంగులతో నా వేళ్లూ ఊదా. మెల్లగా గంజి దిగింది, తర్వాత సంగటి. మళ్లీ పరీక్ష చేయాలంటూ నేను రోజూ పుల్ల పట్టుకుని వెళ్లేవాణ్ణి. బూజు పూర్తిగా పోయింది. మర్నాడు కూడా వెళ్లాను.

అవ్వ నాలుక చాపలేదు. "తగ్గిపాయ గదా, ఇంకేం గీకతావు?"

"ఊరికే, ఒకసారి చూద్దామని."

ఆమె కాళ్లు ముడుచుకుని మంచం మీద చోటిచ్చింది. "ఆ పుల్ల ఆడ పెట్టి కూసో. నీకు గూడా ఎవురూ రారా నాయనా?"

సాయంత్రం చుట్టాలు వెళ్లే వేళ దాకా అక్కడే కూర్చున్నాను. అందర్నీ పంపించేస్తూ ఆయా నా దగ్గరికొచ్చి, "అవ్వకు మనవడివా?" అంది. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ రోజు కాదనడానికి నాకు నోరు రాలేదు.