సింహాచలం చూసిన పాకం

1966 ఫిబ్రవరి 9, బుధవారం. దేవరాపల్లి దారిలో ఒక బెల్లం పాక. హాజరు: పైడమ్మ, ఆమె చిన్న కొడుకు సన్నేసి, పెద్ద కోడలు సింహాచలం, పక్క కమతం రైతు సూరిబాబు, నేను.

ఆ రోజుల్లో అనకాపల్లిలో వ్యవసాయ శాఖ ఫీల్డ్‌మ్యాన్‌గా పనిచేసేవాణ్ణి. సైకిలు మీద ఊళ్లు తిరిగి, థర్మామీటర్‌తో పాకం చూడటం రైతులకు నేర్పడం నా పని. మరిగే చెరకురసం పెనాన్ని పొయ్యి మీంచి దించాల్సిన క్షణాన్ని మేము స్ట్రైకింగ్ పాయింట్ అనేవాళ్లం. ముందు దించితే బెల్లం గట్టిపడదు, ఆలస్యమైతే మాడుతుంది.

ఆ ఇంటి పెద్ద కొడుకు అప్పలనాయుడు పాకం చూసి పెనం దించించడంలో ఆ చుట్టుపక్కల పేరున్న పాకగాడు. వర్షాకాలంలో జ్వరం వచ్చి పోయాడు. చెరకు పక్వానికొచ్చి నిలబడి ఉంది. మిగతా పాకగాళ్లెవరికీ తీరిక లేదు. బెల్లం కుదరకపోతే చేను కౌలుకిచ్చేయాలని, సింహాచలం కూతుర్ని తీసుకుని రోలుగుంటలోని పుట్టింటికి వెళ్లిపోవాలని ఇంట్లో అనుకున్నారు. అందుకే పైడమ్మ నాకు కబురు పెట్టింది.

థర్మామీటర్ చూసి సన్నేసి నవ్వాడు. “బెల్లానికి జొరమొచ్చిందేటి బాబూ?”

భర్త పోయి ఏడాది తిరగని మనిషి పొయ్యి దగ్గరికి రాకూడదని అక్కడి కట్టుబాటు. సింహాచలం దూరంగా చెరకు గుట్ట వెనక కూర్చుని ఆకు ఒలుస్తోంది. నూట పద్దెనిమిది డిగ్రీలు చూపగానే నేను దించమన్నాను.

“ఇంకా కాలేదు,” అంది గుట్ట వెనకనుంచి.

విన్నాను. డిగ్రీలు కళ్లెదుట కనిపిస్తుంటే ఆ మాట ఎందుకు పట్టించుకోవాలి అనుకున్నాను.

మధ్యాహ్నానికి ఆ బెల్లం అచ్చులో జిగురుగా మిగిలింది. తప్పు నాదే. థర్మామీటర్ కొస పెనం అడుగుకు తగిలింది. అది చూపింది రసం వేడి కాదు, ఇనుము వేడి. అందరి ముందూ ఒప్పుకున్నాను.

“ఆఫీసరు బాబుకే కుదరలేదు. ఇంక మనవల్లేటవుద్ది? కౌలుకిచ్చేద్దామే అమ్మా,” అన్నాడు సన్నేసి.

పైడమ్మ గుట్ట దగ్గరికి వెళ్లింది.

“పొద్దున్న కాలేదన్నావు. నీకెలా తెలిసిందే?”

“పదేళ్లు పొయ్యిలో సెరుకు పిప్పి ఏసింది నేనే కదత్తా. పాకమొచ్చేసరికి బుడగల సప్పుడు బరువెక్కుతాది. ఇయ్యాల ఎక్కలేదు.”

“మరి లెగు. రెండో పెనం నువ్వు సూడు.”

“నేను రాకూడదు కదా. ఏడాది తిరగలేదు.”

“తిరగలేదని నాకు తెలీదేటి? కన్నదాన్ని నేను. వాడెలాగూ పోయేడు. వాడి పనితనం కూడా పోవాలేటి? లెగు.”

సన్నేసి ఏదో అనబోయాడు. “నువ్వెల్లి పిప్పి ఎయ్యి,” అంది తల్లి. అతను వెళ్లి పొయ్యి ముందు కూర్చున్నాడు.

సింహాచలం వచ్చి మొదట పొయ్యికి దణ్ణం పెట్టింది. కాసేపు పెనం వైపు చూడకుండా తల పక్కకు వంచి వింది. “మంట తగ్గించు మరిదీ. మీ అన్నలాగే ఏసేత్తన్నావు నువ్వూనూ,” అంది. గరిటె కొసనుంచి చుక్క చన్నీళ్లలో వేసి, వేళ్ల మధ్య ఉండ చేసి, ఇత్తడి పళ్లేనికేసి కొట్టింది. చప్పుడు మెత్తగా వచ్చింది. మళ్లీ చూసింది. మూడోసారి ఉండ టంగుమంది.

“దించండి.”

ఆ పెనానికి నా పట్టికలో డిగ్రీల గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. చూడటం మరిచిపోయాను. నా ఉద్యోగంలో అలా జరగడం అదొక్కసారే.

మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాను. అచ్చు బోర్లించి, లోపల పరిచిన గుడ్డ లాగితే బెల్లం దిమ్మ నిలబడింది. తేనె రంగు, గట్టిగా ఉంది. పైడమ్మ అంచు విరిచి మొదటి ముక్క కోడలి చేతిలో పెట్టింది.

“నిన్న భయం వేయలేదా అమ్మా?” అని సింహాచలాన్ని అడిగాను.

“ఏసింది బాబూ. ఆయన పోయేక నేను దేవుడికి దీపమెట్టలేదు. కోపం. నిన్న పొయ్యి కాడ నిలబడితే ఆ కోపం ఎటెల్లిపోయిందో తెలీలేదు. ఇయ్యాల లెగిసి దీపమెట్టేను.”

పోయినవాళ్లను మరిచిపోతేనే మనసు కుదుటపడుతుందని అంతవరకూ అనుకునేవాణ్ణి. వాళ్లు చేసిన పని చేతిలోకి తీసుకున్నా కుదుటపడుతుందని ఆమెను చూశాకే తెలిసింది. ఆ తర్వాత ఏ ఊరు వెళ్లినా, థర్మామీటర్ తీసే ముందు పొయ్యిలో పిప్పి వేసే మనిషిని అడగడం అలవాటు చేసుకున్నాను.

నేను సైకిలు తీస్తుండగా సూరిబాబు వచ్చాడు. దిమ్మను వేలితో తట్టి చూసి, తువ్వాలు సర్దుకుంటూ సింహాచలం వైపు తిరిగాడు.

“వదినా, రేపు మా పొయ్యి ముట్టిత్తన్నాం. ఓసారి వత్తావేటి?”

సింహాచలం అత్త వైపు చూసింది. పైడమ్మ మనవరాలి జడ అల్లుతూ తలెత్తలేదు.

“నన్నేటి సూత్తావు? అడిగింది నిన్ను.”

“వత్తాను,” అంది సింహాచలం.