చేపలు పడని రోజు

మా అత్త ఈ దేశంలో కొన్నాళ్ళు దొంగ కింద లెక్క. ఆమె ఎవరి సొమ్మూ ముట్టలేదు. పర్మిట్ మీద రాసిన గడువు దాటిపోయాక కూడా కన్నకొడుకు ఇంట్లో కూర్చుని అన్నం తిన్నది, అంతే.

ఆమె బర్మా మనిషి. మా మామ మైపాడు పక్కనున్న మా పల్లె నుంచి రంగూన్ బియ్యం మిల్లుల్లో పనికి పోయి, అక్కడే ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. యుద్ధం రోజుల్లో పసివాడైన కొడుకును తమ్ముడి వెంట ఇక్కడికి పంపేశాడు. ఆ పసివాడే మా ఆయన. ఉప్పు కొఠారులో గుమాస్తా. నేను మిషన్ బడిలో టీచర్ని. మాకు పెళ్ళయిన కొత్తలో, అంటే యాభైల చివర్లో, మామ రంగూన్‌లోనే పోయాడు. కొడుకును చూసుకుని వస్తానని పర్మిట్ రాయించుకుని ఆమె మద్రాసు ఓడ ఎక్కింది. వచ్చింది, చూసింది, ఇక తిరిగి వెళ్ళలేదు. వెళ్ళడానికి అక్కడ ఎవరున్నారని?

ఆమె తెలుగు విని మా పల్లెంతా నవ్వేది. రంగూన్ కూలీ లైన్లలో శ్రీకాకుళం వాళ్ళ దగ్గర నేర్చుకున్న తెలుగు అది. నవ్వితే తానూ నవ్వేది. ఊరికే కూర్చోవడం మాత్రం ఆమె వల్ల అయ్యేది కాదు. నేను బడికి బయలుదేరగానే తను సముద్రం ఒడ్డుకు బయలుదేరేది.

మా ఒడ్డున అలివి వల వేసేవాళ్ళు. పడవ మీద వలను అర్ధచంద్రంగా సముద్రంలో పరిచి వస్తే, రెండు కొసల తాళ్ళను ఒడ్డు నుంచి ఆడా మగా కలిసి లాగాలి. తాడు మీద చెయ్యి వేసినవాళ్ళు దారిన పోయేవాళ్ళయినా సరే, ఉత్త చేతులతో పంపరు. బయటివాళ్ళకు కూరకు నాలుగు చేపలు ఇస్తారు. ఊరివాళ్ళకయితే వాటా. అత్త కూడా చేపలతో ఇంటికి వచ్చేది, అవి కూర చేపలేననుకునేదాన్ని. వాటిని బర్మా పద్ధతిలో ఉప్పేసి కుండలో ముగ్గబెట్టేది. ఆ వాసనకు నేను వీధి అరుగు మీద కూర్చుని పిల్లల పలకలు దిద్దుకునేదాన్ని.

ఒకరోజు కానిస్టేబుల్ వచ్చాడు. గడువు దాటిన బర్మా మనిషి ఈ వీధిలో ఉందా అని అడిగాడు. మా ఇరుగుపొరుగు బంగారంలాంటి మనుషులు, అందుకే మా కొంప ముంచారు. ఆమె చీరాల నుంచి వచ్చిన చుట్టం అన్నది ఒకామె. శ్రీకాకుళం విధవరాలు అన్నది రెండో ఆమె. మూడో ఆమె మరీ ఉత్సాహపడి, అసలు అట్టాంటి మనిషిని మేం చూడనే లేదనేసింది. ఆ మాట అంటున్నప్పుడు మా అత్త అక్కడే నిలబడి కానిస్టేబుల్‌కు చెంబుతో మంచినీళ్ళు ఇస్తోంది. అబద్ధమాడినా అతికినట్టుండాలని ఊరికే అన్నారా!

స్టేషనుకు రమ్మని నోటీసు ఇచ్చిపోయాడు. ఆ రాత్రి మా ఆయన ముద్ద ముట్టలేదు. తల్లి దొరికి ఏడాదన్నా నిండకముందే మళ్ళీ ఓడెక్కిస్తారేమోనని ఆయన బెంగ. నాకు మాత్రం మండుకొచ్చింది. మర్నాడు బడికి సెలవు పెట్టి, అత్త చెయ్యి పట్టుకుని నేనే స్టేషనుకు వెళ్ళాను, పోట్లాడదామనే వెళ్ళాను.

ఎస్సై గారు మమ్మల్ని కూర్చోమన్నారు. నేను దారంతా కూర్చుకుని తీసుకెళ్ళిన మాటలన్నీ కాసేపు చెప్పనిచ్చారు. తర్వాత నిదానంగా అన్నారు.

"టీచరమ్మా, ఈమెను పంపించేదానికి నాకు ఒక్క కాగితం చాలు. ఉంచేదానికి నాలుగు కావాల. ఓపికుండాదా?"

భర్త ఇండియా పౌరుడు కాబట్టి, అతని విధవ కలెక్టరు గారికి దరఖాస్తు పెట్టుకోవచ్చట. చట్టంలో ఆ దారి ముందునుంచీ ఉందట. అది తేలేదాకా నెలనెలా స్టేషనుకు వచ్చి వేలిముద్ర వేయాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు.

"దాక్కోబాకండి. దాక్కున్నోళ్ళను ఎతికేదానికే మా పొద్దంతా పోతాది. కళ్ళెదురుగా ఉండేటోళ్ళతో మాకేం కష్టం చెప్పండి?" అన్నారు.

వెళ్ళగొట్టే చట్టాన్ని అందరూ చదువుతారు. ఉండనిచ్చే పేజీ కూడా తిప్పి చూసే మనిషి మాకు దొరికారు. ఆదివారం ప్రార్థనలో ఆయన్ను తలుచుకోకుండా నేనెప్పుడూ కళ్ళు తెరవలేదు.

అయితే ఆ నాలుగు కాగితాల్లో ఒకటి మునసబు గారి దగ్గర ఆగిపోయింది. ఇల్లు లేదు, పన్ను లేదు, ఈ ఊరి మనిషని ఎట్టా రాయమంటారు అన్నాడాయన. ఆయన తప్పూ లేదు. అప్పుడు ఎస్సై గారే ఒక పొద్దున నన్ను వెంటబెట్టుకుని ఒడ్డుకు వచ్చి, మా పల్లె పెద్ద అయిన పెదకాపును పిలిచి, తాడు లాగుతున్న అత్తను చూపించి అడిగారు.

"ఈమె మీ ఊరి మనిషేనా?"

పెదకాపు నేల చూశాడు. "కాదు సామీ. బర్మా మనిషి."

అత్త తాడు వదలకుండా ఆయన వైపే చూస్తోంది.

"అయితే వాటా మాత్రం ఇస్తుండాం" అన్నాడు పెదకాపు.

"బయటోళ్ళకు కూర చేపలేగదా ఇచ్చేది?"

"చేపలు పడే రోజు అందరూ వస్తారు సామీ. పడని రోజు కూడా వచ్చి తాడు పట్టేటోళ్ళే ఊరోళ్ళు. పోయిన గాలికారులో, ఆ ఈదురుగాలుల రోజుల్లో, వలకు నాచు తప్ప ఏం రాలా. మావోళ్ళే కొందరు ఇంట్లో ముసుగు తన్ని పడుకున్నారు. ఈమె రోజూ వచ్చి నిలబడినాది. అప్పట్నించి వాటాకు ఎక్కించినాం."

నాకు ఆ సంగతి తెలియనే తెలియదు. ఎస్సై గారు అదే మాట రిపోర్టులో రాశారు. మునసబు గారు గొణుక్కుంటూనే సంతకం చేశారు. పెదకాపు ఒక్క అబద్ధం ఆడి ఉంటే మా అత్త మాకు దక్కేది కాదని ఇప్పటికీ అనుకుంటాను. ఆయనకు మేం ఏమిచ్చుకోగలం?

చాలా నెలల వేలిముద్రల తర్వాత నెల్లూరులో కాగితం చేతికిచ్చారు. మా ఆయన ఆ కలెక్టరాఫీసు వరండాలోనే వలవలా ఏడ్చాడు. అత్త మాత్రం కాస్త దిగులుగా, "అయితే నెలనెలా టేసనుకి ఎల్లక్కర్నేదా?" అని అడిగింది. అక్కడ టీ ఇచ్చేవాళ్ళు మరి.

అరవైల మధ్యలో బర్మా నుంచి మళ్ళీ ఓడలు వచ్చాయి. ఉన్నదంతా అక్కడే వదిలేసి వచ్చిన మనుషులు. వాళ్ళలో ఒకామె చంకన బిడ్డతో, ఎప్పుడో కాలం చేసిన చుట్టాన్ని వెతుక్కుంటూ మా ఒడ్డుకు చేరింది. ఎవరు నువ్వు, ఏ ఊరు, కాగితాలేవి అంటూ జనం చుట్టూ మూగారు. మా అత్త వాళ్ళను తోసుకుంటూ వెళ్ళి, బిడ్డను నా చేతికిచ్చి, ఆ తల్లి రెండు చేతులూ పట్టుకుని తాడు మీద పెట్టింది.

"అడగండర్రా, తరవాత అడగండి. ముందు తాడు పట్టనీండి."

ఎండెక్కేదాకా లాగారు. వల ఒడ్డుకు వచ్చింది. నాచు తప్ప ఒక్క చేప లేదు. అందరూ ఉసూరుమంటూ తువ్వాళ్ళు దులుపుకున్నారు. మా అత్త ఒక్కతే ఆ ఖాళీ వలను చూసి, దేవుడు తన మొర విన్నట్టు, చప్పట్లు కొట్టి నవ్వింది.