కార్డులకు పేర్లు పెట్టిన మా మేడమ్

మా మేడమ్ పోయారని మంగళవారం పొద్దున వాళ్ల చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను మారేడ్‌పల్లిలో, కార్టూన్లు తయారుచేసే మా స్టూడియోలో, ఆవిడ రిటైరవుతూ నాకు అప్పజెప్పిన సర్వర్ గదిలోనే ఉన్నాను. సాయంత్రమే సమాధి చేస్తారట. ముందు ఏడుపు రాలేదు. ఈ గదిని ఎవరికి వదిలి వెళ్లాలన్న ఆలోచన వచ్చింది. ఆ గదిలో మేడమ్ కుర్చీలో కూర్చున్నవాళ్లకు పట్టుకునే జబ్బు అది.

కిటికీ లేని ఆ గదిలో ఒక పెద్ద కంప్యూటర్ ఉంది. దాని కడుపులో నాలుగు వర్చువల్ మెషీన్లు, అంటే విడివిడి కంప్యూటర్లలా పనిచేసే నాలుగు భాగాలు. బొమ్మలు గీసేవాళ్లలో ఒక్కొక్కరికి ఒకటి, ఒక్కోదానికి తెర మీద బొమ్మ చూపించే ఒక గ్రాఫిక్స్ కార్డు. చిక్కంతా ఆ కంప్యూటర్‌ని నడిపే లైనక్స్ సాఫ్ట్‌వేర్ ఆ కార్డులకు పేర్లు పెట్టే తీరుతోనే. మెషీన్ లేచినప్పుడు ఏది ముందు కనిపిస్తే దానికి ముందు నంబరు. కరెంటు పోయి వచ్చిందంటే నిన్న సున్నా నంబరున్న కార్డు ఇవాళ ఒకటో నంబరు కావచ్చు. ఒకరి కార్డు ఇంకొకరికి పోతుంది, ఎవరిదో తెర నల్లగా ఉండిపోతుంది. అప్పుడు మేడమ్ రావాలి.

అందుకే ఆవిడ ఊరు దాటింది లేదు. ఆదివారం చర్చిలో కూడా తలుపు పక్కన చివరి బెంచీలో కూర్చునేవారు. ప్రార్థన మధ్యలో మా ఓనర్ ఫోన్: "మేడమ్, జెర వచ్చి చూడుండ్రి. పోరగాళ్లు ఖాళీగ కూసున్నరు." ఆవిడ విసుక్కోకుండా వచ్చేవారు. ఆవిడ దగ్గర పని నేర్చుకుంటూ చూసే నాకే ఒళ్లు మండేది.

చివరికి ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సెట్టింగుల్లోంచి ఆ నంబర్లన్నీ తీసేశారు. ఏ కార్డు ఏ స్లాట్‌లో గుచ్చి ఉందో, ఆ చోటునే దాని పేరుగా రాశారు. "ఎవరు ముందొచ్చిన్రని అడుగకు బిడ్డా, యాడ కూసున్నరో అడుగు," అన్నారు. ఇక తన అవసరం ఉండదని, చెల్లెలితో విశాఖ సముద్రం చూడ్డానికి టికెట్లు కొన్నారు.

రైలు కదలకముందే ఫోన్ వచ్చింది. ఓనర్ ముచ్చటపడి ఇంకో కార్డు కొని ఖాళీ స్లాట్‌లో గుచ్చాడు. దాంతో కంప్యూటర్ చోట్లన్నిటినీ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంది, మిగతా కార్డుల చిరునామాలు కూడా జరిగిపోయాయి. "నాకేం ఎరుక మేడమ్, జాగ ఖాళీగుంటే పెట్టిన," అన్నాడు. చెల్లెలు ఒక్కతే వెళ్లింది. మేడమ్ స్టేషన్ నుంచి సంచీతోనే వచ్చి పేర్లు సరిచేసి, మిగిలిన ఖాళీ స్లాట్ల మీద దెబ్బలకు వేసే తెల్ల ప్లాస్టర్ అతికించారు. ఆ తర్వాత మళ్లీ కార్డులు తారుమారు కాలేదు. ఆవిడ మళ్లీ టికెట్ కొననూ లేదు. "సముద్రం యాడికి పోతది," అనేవారు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పుడు కోపం వస్తోంది. ఎవరి మీదో తెలియదు.

ఆవిడ పోయిన ఆ మంగళవారం మధ్యాహ్నమే కరెంటు పోయింది, బ్యాటరీలు చేతులెత్తేశాయి. కరెంటు రాగానే మెషీన్ ఆన్ చేసి నిలబడ్డాను. ఓనర్ వచ్చి, "నువ్వు పో. పేర్లు మేడమ్ పెట్టినవే గదా. ఏమన్నైతే ఫోన్ చేస్త," అన్నాడు. అది పూర్తిగా లేవకముందే బయల్దేరాను.

పాస్టర్ గారి ప్రార్థన అయ్యాక అందరూ ఒక్కొక్కరుగా పిడికెడు మట్టి వేశారు. స్టూడియో నుంచి ఫోన్ రాలేదు. నాలుగు తెరలూ ఆవిడ పెట్టిన పేర్లతో సరిగ్గానే వెలుగుతున్నాయన్నమాట. నా వంతు వచ్చింది. ఎడమ చేత్తో మట్టి వేశాను. కుడి చేతిలో ఫోన్ ఉంది.